ఎర్రబస్సు పాట కంటే ముందు

ఎర్రబస్సు పాట కట్టిన నా గురించి ఎవరు నాలుగు ముక్కలు రాసినా అందులో 2009 వరద తప్పకుండా ఉంటుంది. తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి, ఆర్కెస్ట్రాలో పాడే కుర్రాడి పాటల పుస్తకం కొట్టుకుపోయింది, ఇక పాడటానికి వేరేవాళ్ల పాటలు లేక సొంతంగా రాయడం మొదలుపెట్టాడు, ఇదీ కథ. వినడానికి బాగానే ఉంటుంది. మొదట ఒకరిద్దరు ఇలా చెప్పినప్పుడు సర్లే అని ఊరుకున్నాను, ఆ తర్వాత అదే ఖాయమైపోయింది. అసలు సంగతేమంటే ఆ పుస్తకం పోకముందే నా దగ్గర సొంత పాటలు ఉన్నాయి. సగం చెత్త, ఒకటి రెండు పర్వాలేదు. వరదతో నాకు పాట రాలేదు, ఉన్న పని పోయింది, అంతే. అందుకే అంతకు ముందు సంగతులు గుర్తున్నంత వరకు రాసి పెడదామని కూర్చున్నా.

మా జేజిది, అంటే అవ్వది, కోడుమూరు పక్కన పల్లె. సంక్రాంతి సెలవులకు పోతే పత్తి తీసే పనులు నడుస్తుండేవి. ఆడవాళ్లు సాలుకొకరు నిలబడి, నడుముకు కట్టుకున్న గుడ్డలో పత్తి వేసుకుంటూ పాడేవాళ్లు. పల్లవి అందరికీ వచ్చిందే, గుంపంతా అందుకుంటుంది. చరణం మాత్రం ముందు పాడే మనిషి అప్పటికప్పుడు కట్టాలి. ఆ ముందు పాడే మనిషి మా జేజి. చదువు లేదు, వేలిముద్రే. ఒకరోజు ఒకామె బాగా పొద్దెక్కినాక చేనికి వచ్చింది, చెవులకు కొత్త కమ్మలు. జేజి తల కూడా ఎత్తలేదు, చేతులు ఆపలేదు, అందుకుంది:

కమ్మలు పెట్టుకోని వచ్చిందమ్మా
కడుపుకు సద్ది మరిచిందమ్మా

చేనంతా ఒకటే నవ్వు. ఆ వచ్చినామె "నీ కన్ను నా కమ్మల మిందనే పడిందా" అని ఒక తిట్టు తిట్టి, ఆమె కూడా గుంపుతో కలిసి పల్లవి ఎత్తుకుంది. మధ్యాహ్నం చూస్తే నిజంగానే సద్ది తెచ్చుకోలేదు. జేజే తన జొన్నరొట్టెలో సగం తుంచి ఇచ్చింది. సద్ది తేలేదని జేజికి ముందే ఎట్లా తెలుసో ఇప్పటికీ నాకు అర్థం కాదు, చేతిలో మూట లేకపోవడం చూసి ఉంటుంది. తర్వాత రోజుల్లో ఎందరో పాట రాయడం గురించి గంటలు గంటలు మాట్లాడగా విన్నాను, ప్రాస కుదరక నేను రాత్రులు జుట్టు పీక్కున్నాను కూడా, కానీ ఆ చేనిలో పుట్టినంత తేలిగ్గా పాట పుట్టడం మళ్లీ ఎక్కడా చూడలేదు.

పట్నంలో మా ఇల్లు పాతబస్తీలో, హంద్రీకి దగ్గర్లో. నాయన ఆర్టీసీలో కండక్టరు. ఇంట్లో సంగీతం అంటే ఒక టేప్‌రికార్డరు, అమ్మ శనివారం భజన, పొద్దున పూట ఆకాశవాణి కడప కేంద్రం. నాకు హైస్కూల్లో చేతిరాత బాగుండేది. అదే నన్ను రాజ్‌విహార్ వైపు ఉండే ఒక క్యాసెట్ల షాపులో పడేసింది. జనం చీటీ మీద పాటల లిస్టు రాసిస్తే ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చే షాపు అది. సాయంత్రాలు కూర్చొని క్యాసెట్టు అట్ట మీద పాటల పేర్లు వరసగా రాయడం నా పని. జీతం లేదు, పాటలు ఫ్రీగా వినొచ్చు, నెలాఖరుకు ఒక అరవై నిమిషాల క్యాసెట్టు నాకు.

ఆ షాపులో నేను గమనించింది ఒకటి ఉంది. కొందరు ఒకే పాటను లిస్టులో రెండుసార్లు రాసేవాళ్లు. ఒకటి ఏ సైడు మొదట్లో, ఒకటి బీ సైడు చివర్లో. వెనక్కి తిప్పుకునే బాధ లేకుండా మళ్లీ వినాలని. అట్లా రెండుసార్లు రాయించుకున్న పాటలు ఏవేవని చూస్తే, పెద్ద హిట్లు కావు చాలావరకు. లారీ డ్రైవర్లు ఇంటిమీద బెంగ పాటలు, కొత్తగా పెళ్లైనవాళ్లు ఎదురుచూపుల పాటలు, ఒక పెద్దాయన అయితే కూతుర్ని అత్తగారింటికి పంపే పాట. ఎవరి బతుకు ఎక్కడ తగులుతుందో ఆ పాట రెండుసార్లు. షాపు ఓనర్ ఇదంతా చూసి, "మనకేమప్పా, వాడు రెండుసార్లు రాస్తే మనం రెండుసార్లు ఎక్కిస్తాం" అనేవాడు.

ఇంటర్‌లో ఉన్నప్పుడు ఆకాశవాణిలో యువత కోసం నడిపే యువవాణి కార్యక్రమంలో పాడే అవకాశం వచ్చింది. నాయన పాసు పుణ్యమా అని నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు బస్సు చార్జీ లేకుండా పోయాను. సినిమా పాట పనికిరాదు అన్నారు, నాకు వచ్చినవన్నీ సినిమా పాటలే, మిగిలింది జేజి పాటలు. సరే పాడు అన్నారు. రికార్డింగు అయ్యాక అక్కడి ఒక మేడమ్ కాగితం ముందు పెట్టుకొని అడిగింది, "రచన ఎవరు?" రేడియోలో ప్రతి పాటకూ చెప్తారు కదా, రచన ఫలానా, సంగీతం ఫలానా, గానం ఫలానా అని. నేను "మా జేజి మేడమ్" అన్నా. ఆమె నవ్వి, "అంటే జానపద గీతం" అని రాసుకుంది. తప్పేమీ లేదు, వాళ్ల లెక్కలో అది జానపదమే. ప్రసారం అయిన రోజు జేజిని కూడా మా ఇంటికి పిలిపించి రేడియో ముందు కూర్చోబెట్టాం. పాటంతా విని, "నా పేరు యాడ చెప్పిరి?" అంది. ఏం చెప్పాలో తెలియక నాయన ఆ పక్క గదిలోకి పోయాడు.

ఇక ఆర్కెస్ట్రా. 2002 ప్రాంతంలో వైర్లు చుట్టే పనితో చేరి, ఒక ఏడాదిలో మైకు దాకా వచ్చాను. ఆర్కెస్ట్రా అంటే ఇప్పటి పిల్లలకు తెలీదేమో, కొంచెం చెప్తాను. ఒక కీబోర్డు, ఒక రిథమ్ ప్యాడ్, ఇద్దరు మగ గొంతులు, ఒక ఆడ గొంతు, మిమిక్రీ చేసే యాంకరు. కీబోర్డు అన్న ఫ్లాపీలో స్టైల్స్, అంటే రెడీమేడ్ దరువులు, పెట్టుకొని వచ్చేవాడు, అన్ని పాటలూ ఒకే శ్రుతిలో వాయించి ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కేవాడు. నా శ్రుతి ఒకటిన్నర. కొన్ని పాటలకు ఇంకా పైనుండే రెండు పెట్టి నా ప్రాణం తీసేవాడు, ఎందుకన్నా అంటే "పైన అరిస్తేనే వెనకోళ్లకు వినపడతాది" అనేవాడు, అదీ నిజమే. ఎమ్మిగనూరు జాతర, ఉరుకుంద ఈరన్న దగ్గర శ్రావణ మాసం, ఆదోని పత్తి షావుకార్ల పెళ్లిళ్లు, అన్నిటికంటే పెద్దది మా కర్నూలు వినాయక చవితి. గణపతి పాటతో మొదలు, రాత్రి రెండింటికి ఎవరో తాగినాయన స్టేజీ ఎక్కి నేనూ పాడతా అనడంతో ఆఖరు. మధ్యలో పది నోటుకు చీటీ చుట్టి పంపేవాళ్లు, ఫలానా వారి తరఫున ఈ పాట అని. నాకు రాత్రికి 150 రూపాయలు, పొద్దున బస్టాండులో ఉగ్గాని బజ్జి ఓనర్ ఖర్చు.

అక్కడ మేం ఎవరం మేం కాదు. ఒకడు ఒక పెద్ద గాయకుడి గొంతు, ఇంకొకడు ఇంకొక పెద్ద గాయకుడి గొంతు. ఎంత బాగా పాడితే అంత బాగా వేరే మనిషిలా పాడినట్టు. దాన్ని చిన్నచూపు చూసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. శ్వాస ఎక్కడ తీసుకోవాలి, మైకు నోటికి ఎంత దూరం పట్టుకోవాలి, ముందు వరసలో పిల్లలు నిద్రపోతుంటే ఏ పాట ఎత్తుకోవాలి, ఇవన్నీ నేర్పింది ఆ స్టేజీలే. సంగీతం కాలేజీకి పోయే స్థోమత మాకు లేదు, ఉన్నా పంపేవాళ్లు కాదు. నా దగ్గర పొడుగాటి నోట్‌బుక్ ఒకటి ఉండేది, పేజీకో పాట, పైన మూలలో శ్రుతి. వెనక పేజీల్లో మాత్రం నా సొంత రాతలు. ఎవరికీ చూపించేవాణ్ణి కాదు, సిగ్గు.

అవి బయటికి వచ్చింది కరెంటు పోబట్టి. ఎమ్మిగనూరు అవతల ఒక పల్లెలో ప్రోగ్రాం. మంచి ఊపులో ఉండగా కరెంటు పోయింది. జనరేటర్ ఉంది, అందులో డీజిల్ లేదు. డీజిల్ కోసం ఒకడు మోపెడ్ మీద పోయాడు. చీకట్లో జనం, ఈలలు, ఎవడో చెప్పు విసిరాడు కూడా. యాంకరు వచ్చి నా చెవిలో, "ఏదో ఒకటి పాడు సామీ, కొడతారు మనల్ని" అన్నాడు. మైకు లేదు, కీబోర్డు లేదు. నాకేం తోచిందో మరి, ఆ రోజు ఆ ఊరికి మేం వచ్చిన తీరు గుర్తొచ్చింది. వచ్చే బస్సు రాలేదు, మూడు గంటలు రోడ్డు మీద కూర్చొని చివరికి ట్రాక్టర్ ఎక్కి వచ్చాం. వెనక పేజీల్లో బస్సు మీద నాలుగు లైన్లు ఎప్పుడో రాసుకున్నా, జేజి పత్తి పాట బాణీలోకి వాటిని దించేశాను. ప్యాడ్ అన్న స్టేజీ చెక్క మీద చేత్తో దరువు మొదలుపెట్టాడు.

ఎర్రబస్సు యాడుందో
ఎదురుచూసి కండ్లు కాయలాయ
దుమ్ము లేస్తే బస్సనుకుంటి
దున్నపోతుల మంద వచ్చె

రెండోసారి పాడేసరికి ముందున్న ఆడవాళ్లు అందుకున్నారు. "దున్నపోతుల మంద" దగ్గర మొత్తం ఊరు అరిచింది, ఎందుకంటే అది వాళ్ల బస్సే, వాళ్ల దుమ్మే. డీజిల్ వచ్చింది, లైట్లు వెలిగాయి, కీబోర్డు అన్న హిట్ పాట ఎత్తుకున్నాడు, కానీ జనం "ఆ బస్సు పాట, ఆ బస్సు పాట" అని వదల్లేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి రోజు ఓనర్ మాత్రం చాలా మామూలుగా, "కరెంటు పోయినప్పుడు పాడుకో, ఉన్నప్పుడు వద్దు. వాళ్లు దుడ్లు ఇచ్చేది సినిమా పాటలకు" అన్నాడు. అప్పుడు కోపం వచ్చింది గానీ ఆయన లెక్క ఆయనది. ఆ రోజుల్లో మా వైపు కరెంటు పోవడానికి కొదవా, కాబట్టి పాడే అవకాశాలు బాగానే వచ్చాయి.

ఇదంతా 2009కి ముందు సంగతి. ఆ ఏడాది దసరా సెప్టెంబరు చివర్లో అయిపోయింది, కార్తీక మాసం పెళ్లిళ్లకు బుకింగులు ఉన్నాయి. అక్టోబర్ 2, గాంధీ జయంతి, ఊరు నీళ్లలో ఉంది. శ్రీశైలం డ్యామ్‌కు ఆ వరదలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది అని తర్వాత పేపర్లలో చదివాం. మాకు అంకెలు ఎక్కడ తెలుసు, మేడ మీద ఇంటి ఓనర్ వాళ్లతో కలిసి కూర్చొని మెట్లు ఒక్కొక్కటే మునగడం చూడటమే. నీళ్లు తీశాక కిందికి దిగితే మోకాలి లోతు ఒండ్రు. టేప్‌రికార్డరు తలకిందులుగా బియ్యం డ్రమ్ములో ఉంది. క్యాసెట్లలోని రీలు కిటికీ ఊచలకు చుట్టుకుపోయింది. నోట్‌బుక్ ఉబ్బి ఇటుకంత అయింది, పేజీలు విడదీయబోతే పేజీతో పాటు అక్షరాలు కూడా వచ్చేస్తున్నాయి. కొట్టుకుపోయింది అనేది కూడా తప్పే, ఇంట్లోనే ఉంది, చదవడానికే పనికిరాలేదు. ఊళ్లో జనం పోగొట్టుకున్నవాటి ముందు ఇదేం లెక్క, అప్పట్లో దాని గురించి ఎవరితో అనాలన్నా నోరు రాలేదు. సినిమా పాటలు ఎలాగూ నాకు కంఠస్థం, నా పాటలు నా తలలోనే ఉన్నాయి. పోయింది ఆర్కెస్ట్రా. స్పీకర్ బాక్సులు తడిసి పోయాయి, కీబోర్డు మీటల కింద ఇసుక, ఎండలో ఎన్ని రోజులు పెట్టినా సగం మీటలు లేవలేదు. ఆర్కెస్ట్రా ఓనర్ మిగిలిన సామాను అమ్మేసి బియ్యం వ్యాపారంలోకి పోయాడు.

తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ పోయాను. కృష్ణానగర్‌లో రూము, అందరికీ తెలిసిన కథే, దాని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ట్రాక్‌లు పాడేవాణ్ణి. అంటే అసలు గాయకుడు వచ్చి పాడేలోపు, పాట ఎలా ఉంటుందో వినిపించడానికి మనం పాడి పెట్టడం. తర్వాత మన గొంతు తీసేసి ఆయన గొంతు పెడతారు. కొందరు డబ్బులు ఇచ్చారు, ఒక చోట ఏడాది తిప్పుకొని ఇవ్వలేదు. అయితే హెడ్‌ఫోన్‌లో నా గొంతు నాకు మొదటిసారి శుభ్రంగా వినపడింది అక్కడే, నేను కర్నూలు వాణ్ణని మాట మాటకూ తెలిసిపోతోందని సౌండ్ ఇంజనీర్లు నవ్వింది కూడా అక్కడే. నాయన రిటైరై, మోకాళ్లు పట్టేశాక తిరిగి వచ్చేశాను. ఒక ప్రైవేటు స్కూల్లో మ్యూజిక్ టీచరు ఉద్యోగం, ప్రేయర్ నుంచి యాన్యువల్ డే దాకా అన్నీ నావే.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. పాటకు సంబంధం ఏంటంటారేమో, నా మటుకు అసలు మలుపు అదే, వరద కాదు. అప్పటిదాకా యూట్యూబ్ అంటే నెట్ సెంటర్లో గంటకింత అని చూసేది. ఒక్కసారిగా చేనిలో ఉన్నవాడి ఫోన్లో కూడా వీడియో తిరగడం మొదలైంది. నేను అప్పు చేసి ఒక కండెన్సర్ మైకు, దాన్ని కంప్యూటరుకు కలిపే ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ కొన్నా. కండెన్సర్ మైకుతో తంటా ఏమంటే అది అన్నీ వింటుంది. పక్కింటి కుక్కరు విజిల్, ట్యాంకరు హారన్, ఫ్యాన్. అమ్మ కుట్టిన పాత బొంతలు మూడు తాళ్లకు వేలాడదీసి, వాటి మధ్య నిలబడి, ఫ్యాన్ ఆపేసి, ఏప్రిల్‌లో కర్నూలు ఎండలో పాడటం అంటే ఏమిటో పాడినవాళ్లకే తెలియాలి. చెమట కారి కాగితం మీద పడుతుంటే మా ఆవిడ మధ్య మధ్యలో నన్నారి షర్బత్ అందించేది, గ్లాసులో ఐసు ముక్క చప్పుడు కూడా మైకులో పడేది. అజాన్ టైములు గోడ మీద రాసి పెట్టుకున్నా, మసీదు మా వీధిలోనే. వాటి మధ్యలోనే ఏ టేకైనా.

మొదట పెట్టిన పాట బస్సు పాటే. యూట్యూబ్‌లో కొన్ని నెలలు ఎవరూ చూడలేదు. తర్వాత వాట్సాప్‌లో పాకింది, ఎవరి వల్ల అనుకుంటున్నారు, ఆర్టీసీ డ్రైవర్లు, కండక్టర్ల గ్రూపుల వల్ల. వాళ్లే ఒకరికొకరు పంపుకొని నవ్వుకున్నారు. ఒక్క కండక్టరు మాత్రం నవ్వలేదు, ఆయన మా ఇంట్లోనే ఉన్నాడు. "బస్సు లేటైతే కండక్టరు ఏం జేస్తాడురా? టైరు పంచరైతే మేం మోసుకొస్తామా? మా తరఫున ఒక్క ముక్క అన్నా రాసినావా?" అని రెండు రోజులు మాట్లాడలేదు. చెప్తే నమ్మరు, నా పాట మీద నాకు అందిన విమర్శల్లో ఇంతకంటే పనికొచ్చింది ఇంకోటి లేదు. కూర్చొని ఆయన సర్వీసు కబుర్లు అడిగి రాసుకున్నా. చిల్లర గొడవలు, కోడిపుంజుకు టికెట్టు తీసుకోనని కొట్లాడిన ముసలాయన, నైట్‌హాల్ట్ పల్లెల్లో బస్సులోనే దోమల మధ్య పడుకోవడం. రెండో భాగంగా కండక్టరు చరణాలు పెట్టాను:

చిల్లర లేదని తిట్టేరు
సీటు లేదని కొట్టేరు
పొద్దున తిన్న ఉగ్గానితోనే
పొద్దు గుంకేదాక నిలబడితి

ఆ రెండో భాగం వచ్చాకే పాట నిజంగా జనంలోకి పోయింది. నాయన ఆ చరణాన్ని తన రిటైరైన స్నేహితులందరికీ తనే పంపాడు, కింద "రచన: మా అబ్బాయి, మాటలు నావి" అని టైపు చేసి. నేను కాదనలేదు, నిజమే కదా.

డబ్బుల సంగతి అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నా. 2018లో యూట్యూబ్ రూలు మార్చింది, వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ ఉంటేనే యాడ్స్ డబ్బులు. అది దాటాక కూడా వంద డాలర్లు చేరితేనే బ్యాంకులో పడుతుంది. వంద చేరడానికి నాకు పట్టిన కాలంలో మా పాప నడక నేర్చుకుంది. 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై ఇండియాకు వచ్చాక అందులోనూ పెట్టా, దాని నుంచి వచ్చేది టీ ఖర్చులకు సరి. కార్యక్రమాల మీద, స్కూలు జీతం మీదే ఇల్లు నడిచేది. 2020 లాక్‌డౌన్‌లో ఆ రెండూ ఆగాయి, దాని గురించి మళ్లీ ఎప్పుడైనా.

నాకు అసలు మంట పుట్టించింది డబ్బు కాదు. ఊరేగింపుల్లో నా పాట డీజే రీమిక్స్ వినపడటం మొదలైంది. వినపడితే సంతోషమే. కానీ ఒకాయన దాన్ని తన ఛానల్‌లో పెట్టుకొని కింద "సేకరణ" అని తన పేరు రాసుకున్నాడు. ఫోన్ చేస్తే, "జానపదం కదన్నా, ఎవరిదీ కాదు" అన్నాడు. అది విన్నాక జేజి రేడియో ముందు కూర్చొని అడిగిన మాట నాకు చాలా రోజులు చెవుల్లో తిరిగింది. బాణీ జేజిది, నిజమే, జేజికి వాళ్ల అమ్మ నేర్పి ఉండొచ్చు. మాటలు నావి, కొన్ని నాయనవి. అప్పుడు కూర్చొని చట్టం చదివా. మన దేశంలో పాట రాసిన క్షణంలోనే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఉంటే రుజువుకు పనికొస్తుంది. రాసినవాడు పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. 2012లో చట్టం మార్చి, సినిమాకు రాసిచ్చిన పాటకైనా రచయితకు, సంగీత దర్శకుడికి రాయల్టీ వాటా ఉండి తీరాలి అన్నారు. 1969 నుంచి ఉన్న ఐపీఆర్ఎస్ అనే సంస్థ సభ్యులకు ఆ డబ్బు వసూలు చేసి పంచుతుంది. పాటలు కట్టే మా సీమ పిల్లల్లో చాలామందికి ఇవేవీ తెలీవు, దరువు బాగుందా లేదా అదే ధ్యాస. రాసిన రోజే తేదీ వేసి మీకు మీరే ఒక మెయిల్ పంపుకోండి ముందు, మిగతావి తర్వాత.

ఆ సేకరణ ఆయన చివరికి పేరు మార్చాడు. ఇప్పుడు అక్కడ రచన నా పేరు, బాణీ దగ్గర మా జేజి పేరు ఉంటాయి. జేజి అప్పటికే లేదు.

ఇప్పటికీ చవితికి పాడతా. నిమజ్జనం రోజు కేసీ కెనాల్ దగ్గర వినాయక ఘాట్ దారిలో స్టేజీ వేస్తే గణపతి పాటతో మొదలు, సినిమా పాటలు కూడా పాడతా, అడిగితే ఎందుకు పాడను. కొత్త పాట ఒకటి హంద్రీ మీద రాశా, నీళ్లు లేని తొమ్మిది నెలల హంద్రీ మీద. మాటలు అయిపోయాయి, పాడటం అయిపోయింది. ఫ్లూటు వాయించే అన్న కూతురికి టెన్త్ పరీక్షలు, అవి అయ్యేదాకా నన్ను కదిలించొద్దు అన్నాడు. మిక్సింగ్ ఆ తర్వాతే. అమ్మకు వినిపిస్తే రెండో చరణం సాగదీసినావు, కొయ్యి అంది. చూడాలి.